నా బదులు ఎవరు దిగారు

బొగ్గు గనిలో నాది సర్దార్ పని. షిఫ్టు మొదలయ్యాక అందరికంటే ముందు నేను లోపలికి పోవాలి. కట్టెతో పైకప్పు తట్టుకుంటూ, చెవి పెట్టి వినాలి. ఖంగుమంటే కప్పు గట్టిగా ఉన్నట్టు. గుల్లగా మోగితే పెళ్ళ ఊడడానికి సిద్ధంగా ఉన్నట్టు. నేను సరే అన్నాకే మిగతావాళ్ళు అడుగుపెట్టాలి. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని.

ఆదివారం మందిరంలో నాది ఇంకో పని. మా కాలనీ సంఘానికి పాస్టరు అయ్యగారు ఒకరు ఉన్నారు గానీ ఆయనకు బసంత్‌నగర్ దగ్గర ఇంకో సంఘం కూడా ఉంది. ఆయన అటు పోయిన ఆదివారాలు వాక్యం నేను చెప్తాను. బైబిలు పాఠశాలలో చదివినవాణ్ణి కాదు. గొంతు పెద్దది, కోపం ఎక్కువ, ఒకసారి అనుకుంటే వెనక్కి తగ్గను. ఈ మూడూ ప్రసంగానికి పనికొస్తాయని చాలాకాలం అనుకున్నాను.

గనులకు ఆదివారం సెలవు. కానీ నీళ్ళ పంపులు ఆగవు, కప్పు చూసే మనిషీ ఉండాలి. అందుకని కొందరిని పిలుస్తారు. దాన్ని ప్లే డే అంటారు, రెట్టింపు జీతం వస్తుంది. ఆ లిస్టులో పేరు కోసం పోటీ పడేవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం వాక్యం చెప్పే ఆదివారం నా పేరు పడితే, ఆఫీసుకు పోయి కొట్టేయించుకునేవాణ్ణి. అది నా భక్తి అని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

మా సంఘంలోనే ఇంకో సర్దార్ ఉన్నాడు. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అన్నా అంటాడు. ఆయన భార్య స్త్రీల కూడికలో పాటలు ఎత్తుకునే మనిషి. నిరుడు ఎండాకాలం ఒక ఆదివారం ఆయన ప్లే డేకు దిగాడు. పెళ్ళ ఊడి కాలి మీద పడింది. మోకాలి కింద తీసేశారు. నేనూ దవాఖానకు పోయి ప్రార్థన చేసి వచ్చాను. ఆయన ఇంటికి వచ్చినా చాలా రోజులు మంచం దిగలేదు.

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం విశ్రాంతి దినం గురించి చెప్పాను. ఆ రోజు మందిరం సగం ఖాళీ. సగంమంది ప్లే డేకు పోయారు. నాకు మండింది. దేవుని దినాన్ని రెట్టింపు జీతానికి అమ్ముకున్నవాళ్ళకు ఏమవుతుందో మన కాలనీలోనే చూశాం కదా అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, ఒంటికాలి మనిషి కాలనీలో ఒక్కడే. వెనక బెంచీల నుంచి ఆమెన్ గట్టిగా వచ్చింది. ఇంటికి వచ్చి కడుపునిండా తిని పడుకున్నాను.

మరుసటి ఆదివారం ఆయన భార్య రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఇంట్లో నా భార్య, ఆమె నీ మాట వల్లే రావట్లేదు అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది అన్నాను. నా భార్య పళ్ళెం నా ముందు పెట్టి లోపలికి పోయింది. ఆ అన్నం నాకు దిగలేదు.

ఫస్టు షిఫ్టు అయిపోగానే వాళ్ళ క్వార్టరుకు పోయాను. ఆయన భార్య తలుపు సగం తెరిచి, పండుకున్నడు అన్నా అంది. రెండు రోజులాగి మళ్ళీ పోయాను. అదే జవాబు. మూడోసారి, లేచేదాకా కూచుంటానని అరుగు మీద కూచున్నాను. ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చింది. లోటా నా చేతిలో ఉండగానే చెప్పింది.

“మందిరం మైకు మా ఇంటి దిక్కే ఉంటదన్నా. నువ్వు చెప్పిందంత ఆయన మంచంల పండి ఇన్నడు. పైసల కోసం పోయిండన్నవ్. ఆ ఆదివారం లిస్టుల నీ పేరే ఉండె. నువ్వు కొట్టేయించుకున్నంక, నీ బదులు దిగేతందుకు ఆ పూట ఇంకో సర్దార్ దొరకలే. అన్న వాక్యం చెప్పాలె, నేను పోత అని ఆయన పోయిండు.”

లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. “ఊకో. చెప్పద్దన్న గదా.”

లోటా కింద పెట్టాను. పేరు కొట్టేయించుకున్నది నేనే. ఒకరి పేరు కొడితే అక్కడ ఇంకొకరి పేరు రాస్తారని ఏ సర్దారుకు తెలియదు? కప్పు చూసే మనిషి లేకుండా గని ఒక్క పూట కూడా నడవదు. నా బదులు ఎవరు దిగారని నేను ఆఫీసులో అడగలేదు, దవాఖానలో అడగలేదు, ఆరు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. మన బదులు ఒకాయన సిలువ మీద ప్రాణం పెట్టాడని ఏళ్ళ తరబడి మైకులో చెప్పినవాణ్ణి. నాకు సిగ్గేసింది. అరుగు మీదే ఏడ్చాను. ఆమె లోటా తీసుకుని లోపలికి పోయింది.

అయ్యగారి దగ్గరికి పోయి, వచ్చే ఆదివారం నాకు మైకు కావాలి, తప్పు ఒప్పుకోవాలి అన్నాను. ఆయన మెత్తని మనిషి. ఇంటికి పోయి కలిసి ప్రార్థన చేసుకుందాం, చాలు అన్నారు. సంఘపెద్ద ఒకాయన అంతకంటే గట్టిగా అడ్డుపడ్డాడు. ప్రసంగ వేదిక మీద చెప్పింది ఆ వేదిక మీదే వెనక్కి తీసుకుంటే రేపటి నుంచి వాక్యానికి విలువేముంటుందని అడిగాడు. పైగా, “కాలు జారితె తీసుకోవచ్చు గని నోరు జారితె తీసుకోలేం” అన్నాడు. ఆ మాటలో కాలు వినిపించి నాకు చురుక్కుమంది.

“తప్పు మైకుల చేసిన. మాఫీ ఇంట్ల అడుగుతనా? మీరు మైకు బందు వెడితె, బజార్ల నిలబడి చెప్త,” అన్నాను.

నేను అన్నంత పనీ చేస్తానని వాళ్ళకు తెలుసు. అయ్యగారు సరే అన్నారు.

ఆదివారం గంట ముందే పోయి, మందిరం పైన హారన్ వాళ్ళ క్వార్టరు వైపే ఉందో లేదో చూసుకున్నాను. పాటలయ్యాక లేచాను. కాగితం పట్టుకోలేదు. ఫలానా వారం ఆయన గురించి నేను చెప్పింది అబద్ధం అన్నాను. ఆయన పోయింది డబ్బుకు కాదు, నా బదులు పోయాడు. అడగాల్సిన నేను అడగలేదు. దేవుని పేరు పెట్టి, గాయపడ్డ మనిషిని రెండోసారి కొట్టాను. ఇదంతా ఆయన పేరు పెట్టి చెప్పాను, ఎందుకంటే మొదటిసారి పేరు దాచి చెప్పాను. ఈసారి ఆమెన్ ఎవరూ అనలేదు. సంఘపెద్ద తల వంచుకుని కూచున్నాడు.

సాయంత్రం ఆయన కబురు పంపాడు. పోయేసరికి అరుగు మీద కుర్చీలో ఉన్నాడు, చేతికర్ర గోడకు ఆనించి ఉంది. కూచోమన్నాడు. మాఫీ గురించి ఒక్క మాట అనలేదు.

“అన్నా, ఒక్కటి అడుగుత. ఆ ఆదివారం నువ్వేం వాక్యం చెప్పినవ్? నేను ఇనలే గద.”

గుర్తు రాలేదు. ఆయన కాలు పోయిన రోజు నేను ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. ఇంటికి పోయి నోట్సు పుస్తకం తెచ్చాను. ఆ వారం పేజీ దొరికింది. ఉన్నదున్నట్టు చదవమన్నాడు. ఫోనులో ఎవరిదో ప్రసంగం విని రాసుకున్న మూడు ముక్కలు, మధ్యలో పక్కింటివాళ్ళ మీద నా దెప్పిపొడుపులు రెండు. పది నిమిషాల్లో అయిపోయింది. ఆయన భార్య గడపలో నిలబడి వింటోంది.

“గింతేనా?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

“గింతే తమ్మీ.”

ఆయన చేతికర్ర అందుకుని కింది కొస దగ్గర పట్టుకున్నాడు, కప్పు తట్టడానికి మేం గనిలో కట్టె పట్టినట్టే.

“శనివారం పొద్దుమూకంగ రా. ముందుగాల నాకు చెప్పు. నేను తట్టి చూసినంకనే జనం ముందట వెట్టు.”

ఇప్పటికి ఎన్నో శనివారాలయ్యాయి. ఆమె మళ్ళీ పాటలు ఎత్తుకుంటోంది. ఆయన కొయ్యకాలు పెట్టుకుని మందిరానికి వస్తున్నాడు, అయినా శనివారం మానలేదు. నేను చెప్తుంటాను, ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. ఒక్కోచోట కర్ర నేలకు తట్టి, ఇక్కడ గుల్లున్నదన్నా అంటాడు. ఆ ముక్క కొట్టేస్తాను. వాదించను.