బయటి తాళం

రజిని చేతిలో పడ్డ చిప్పు బతక్కుండా పోదని తార్నాక వైపు హాస్టళ్లలో ఒక మాట ఉంది. మాట కొంచెం పెద్దదే. ఆమె ఇంజినీరు కాదు, యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు అటెండరు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. భర్త రత్నాకర్ అదే ల్యాబులో ఇరవై రెండేళ్లు టెక్నీషియన్‌గా చేశాడు. ఒక శనివారం పొద్దున తార్నాక బస్టాపులో ఛాతీ పట్టుకుని కూలబడిపోయాడు. ఆ తరువాత కారుణ్య నియామకం కింద ఈమెకు ఉద్యోగం ఇచ్చారు. కారుణ్యం అన్న మాటను కాగితం మీద చూసినప్పుడు రజినికి ఒళ్లు మండింది. కానీ వారాసిగూడలో అద్దె ఇల్లు, ఇంట్లో ముసలి అత్త పోచమ్మ. మంట దిగమింగుకుని సంతకం పెట్టింది.

మొదటి రోజే ఆయన బల్ల సొరుగు తెరిచింది. లోపల ఒక నోట్‌బుక్కు, ఒక పిప్పరమెంటు డబ్బా. డబ్బాలో అరచేతిలో పట్టేంత బోర్డు, దాని మీద చిన్న తెర, శబ్దం వినే చిన్న మైకు, కీచుమనే బజ్జరు, మధ్యలో నల్ల చిప్పు. నోట్‌బుక్కు అంతా ఇంగ్లీషే. చివరి పేజీ ఒక్కటే తెలుగులో ఉంది. ‘కుక్కర్ విజిల్ లెక్క. రజినికి.’ దాని కింద, ‘తాళం తప్పు పడ్డది. బయటి తాళం కావాలె. రేపు చూస్త.’ తేదీ చూస్తే శుక్రవారం.

ఆ రేపు తార్నాక బస్టాపు దాటి రాలేదు.

కుక్కర్ సంగతి చెప్పాలి. రజినికి విజిళ్ల లెక్క నిలవదు. రెండు వచ్చాయా మూడు వచ్చాయా అని పొయ్యి ముందు నిలబడి ఆలోచిస్తుంటే ఇంకొకటి వచ్చేది. పైగా మొగుడూ పెళ్లాలకు ఆ లెక్క మీదే రోజూ పంచాయితీ. పప్పుకు మూడు విజిళ్లు చాలు, పలుకు తగలాలి అని ఆయన. నాలుగు రావాలి, మెత్తగా కలిసిపోవాలి అని ఈమె. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. పిల్లలు లేని ఇంట్లో ఆ మాత్రం సందడి ఉండాల్సిందే అని పోచమ్మ నవ్వేది. ఆయన పోయిన మర్నాటి నుంచి రజిని పప్పుకు మూడు విజిళ్లే పెడుతోంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పళ్లూడిన పోచమ్మ ఆ పలుకు పప్పును దవడల మధ్య నలుపుకుంటూ, కొడుకు రుచి కదా అని ఊరుకునేది.

ఆయన తనకోసం ఏం చేశాడో చూడాలి. రజినికి ఇంతకంటే కోరిక లేదు. అదొక పెద్ద కోరికా అంటే, రాత్రి పక్కమీద చేయి చాపితే గోడ తగిలే మనిషిని అడగాలి.

బోర్డుకు కరెంటు ఇచ్చి చూస్తే తెర వెలగలేదు. అప్పుడు మొదలైంది ఆమె చదువు. ఆయన పాత పేజీలు, ల్యాబుకొచ్చే పిల్లల పుస్తకాలు, అడిగితే చెప్పే మాస్టార్లు. చిప్పు నడవడిని నిర్ణయించే కొన్ని గడులుంటాయి. వాటిని ఫ్యూజులంటారు. పేరు చూసి కాలిపోతాయనుకోవద్దు, అవి టిక్కులు పెట్టే గడులంతే. తమాషా ఏమిటంటే, మన లోకంలో టిక్కు పెడితే ‘ఉంది’ అని, అక్కడ టిక్కంటే సున్నా. అలవాటు చొప్పున ఒక టిక్కు పెట్టారా, చిప్పు అలిగిన కొత్తకోడలిలా మూతి ముడుచుకు కూర్చుంటుంది. ఎంత పిలిచినా పలకదు. పిల్లలు పోయిందనుకుని చెత్తబుట్టలో పడేస్తారు. రజిని ఆ బుట్టలో నుంచి ఏరి దాచింది.

మామూలుగా అయిదు వోల్టులు తాగే చిప్పుకు ఒక కాలికి మాత్రం పన్నెండు వోల్టులిచ్చి, మిగతా కాళ్లకు వరస తప్పకుండా సంజ్ఞలు పంపితే అది అలక మాని వింటుందని ఆయన నోట్సులో ఉంది. కోఠికి పోయి సామాను తెచ్చుకుంది. అయిదు నెలలు పట్టింది. మొదటి మూడు చిప్పులు నిజంగానే పొగలు కక్కి చచ్చాయి. నాలుగోదానికి పచ్చ లైటు వెలిగింది. ఒక సబ్బుపెట్టె, మీద చిప్పును పట్టుకునే సాకెట్టు, ఒక స్విచ్చి, ఎర్ర లైటు, పచ్చ లైటు. పనిముట్టు అంతే. పిల్లలు దాన్ని సబ్బుపెట్టె దవాఖానా అన్నారు. ఆయన పోయి మూడేళ్లు తిరిగేసరికి అది వందకు పైగా చిప్పులను లేపింది.

దేనికోసం కట్టిందో ఆ చిప్పును మాత్రం రజిని అందులో పెట్టలేదు. కారణం ఆ తెలుగు ముక్కే. తాళం తప్పు పడ్డదని రాశాడు, బయటి నుంచి తెరిచే తాళంచెవి కావాలన్నాడని రజిని అనుకుంది. లోపలి ప్రోగ్రామును ఎవరూ కాపీ కొట్టకుండా చిప్పుకు తాళం వేయవచ్చు. అలా తాళం వేసిన చిప్పును సబ్బుపెట్టె తెరుస్తుంది గానీ, ముందు లోపలున్నదంతా తుడిచేస్తుంది. ఇల్లు తెరుచుకుంటుంది, ఇంట్లో సామాను ఉండదు. ఖాళీ చిప్పులు కోఠిలో కావలసినన్ని దొరుకుతాయి.

ఒకరోజు కడప అమ్మాయి హరిచందన, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, తన చిప్పు బాగుచేసుకున్న సంతోషంలో బల్ల మీది పిప్పరమెంటు డబ్బా తెరిచింది. బోర్డు మీది చిప్పు ఊడదీసి సాకెట్టులో పెట్టి, “ఇదొకటి మిగిలిపోయిందే అక్కా, దీన్ని గూడా లేపేస్తాండా,” అంటూ స్విచ్చి మీద వేలు పెట్టింది.

“ముట్టకు!”

ల్యాబంతా తల తిప్పి చూసింది. రజిని ఆ పిల్ల చేయి పట్టుకుని పక్కకు లాగి, చిప్పు తీసి పిడికిట్లో బిగించుకుంది. హరిచందన కళ్లనిండా నీళ్లు.

“తప్పు నీది కాదు బిడ్డా,” అంది రజిని. “ఇది మా ఆయన చేసింది. గీ స్విచ్చి నొక్కితే ఇంగ ఆయన రాసింది ఉండది.”

“మరి ఎన్నాళ్లని పెట్టుకుంటావక్కా?”

తనకు భయమని, తెలియకుండా ఉన్నంతకాలం ఆయన ఇంకా ఏదో చెప్పవలసినట్టే ఉంటుందని చెప్పుకోవడానికి రజినికి సిగ్గేసింది.

ఆ శనివారం సాయంత్రం గల్లీలో హనుమాన్ గుడి దగ్గర భజన మొదలైంది. బతికి ఉండగా రత్నాకర్ ప్రతి శనివారం అక్కడ తాళాలు వాయించేవాడు. ఇప్పుడు ఎవరో కొత్త మనిషి కూర్చున్నాడు. గడపలో చిక్కుడుకాయలు గిల్లుతున్న పోచమ్మ మొహం చిట్లించింది.

“వినవడ్తున్నదా బిడ్డా? తాళం తప్పు పడ్తున్నది. పాట ఒక దిక్కు, తాళం ఒక దిక్కు. మా రత్నం ఉంటే గిట్ల పడనిస్తుండెనా?”

రజిని చేతిలో చెంబు జారింది.

“ఏమన్నవ్ అత్తమ్మా? మల్ల అను.”

“ఏమంట? తాళం తప్పు పడ్తున్నదంటి. వాడు ల్యాబుల సుత గంతే. చిప్పుకు తాళం ఉండాలె అమ్మా, తాళం లేకుంటే భజన నడవది అనెటోడు. నాకేం సమజైతది?”

చిప్పు అడుగు తీసి అడుగు వేయాలంటే టిక్ టిక్‌మని ఒక లయ అందాలి. అందరూ దాన్ని క్లాక్ అంటారు. ఆయన తాళం అన్నాడు. ఆ లయ బయటి నుంచి వస్తుందని చెప్పే గడిలో పొరపాటున టిక్కు పడింది. అంతే జరిగింది. చిప్పుకు ఏ తాళమూ వేసి లేదు. ఎవరైనా తాళం వేస్తే పాడదామని మూడేళ్లుగా డబ్బాలో ఎదురుచూస్తోంది. ఒక్క మాటను రెండో అర్థంలో చదవడం చేతకాక మూడేళ్లు పోగొట్టుకుంది రజిని. మీద నుంచి, అందరి చిప్పులూ లేపే దవాఖానా! తన తెలివికి తనకే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సోమవారం ల్యాబులో సబ్బుపెట్టెకు ఇంకొక తీగ అతికించింది. పన్నెండు వోల్టుల జోలికి పోలేదు. లయ మాత్రం పంపే తీగ అది. చిప్పును తిరిగి బోర్డు మీద పెట్టి, ఆ తీగను దాని కాలికి తాకించింది. తెర మీద సున్నా వెలిగింది. పక్కన నిలబడ్డ హరిచందన చప్పట్లు కొట్టబోయి రజిని మొహం చూసి మానుకుంది.

మిగతాది కుక్కరే చెప్పాలి. సాయంత్రం సబ్బుపెట్టెనూ బోర్డునూ చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చి, పొయ్యి గట్టు మీద పెట్టింది. కందిపప్పు కడిగి కుక్కర్లో పోసింది. పోచమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుంది.

మొదటి విజిల్. తెర మీద 1.

రెండోది. 2.

మూడోది. 3. రజిని తెర మీదికి వంగింది. ఆయన లెక్క అయిపోయింది, ఇప్పుడు ఏదో చెప్పాలి. తెర ఏమీ చెప్పలేదు. మూడు దగ్గరే నిలబడి ఉంది. చెడిపోయినట్టుంది, లేకపోతే ఇంతవరకే రాశాడేమో. అలవాటుగా పొయ్యి కట్టేయడానికి చేయి చాపింది.

చేయి అందేలోపే నాలుగో విజిల్ కూసింది. బోర్డు కీచుమంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో, ఇక చాలు అనడానికి ఆయన ఇంట్లో వాడే మాట పడింది.

BAS RAJINI

“ఏమన్నడు బిడ్డా?” అంది చదువురాని పోచమ్మ.

“బస్ రజినీ అన్నడు అత్తమ్మా.” రజిని ఆమె వైపు తిరిగింది. “నాలుగు విజిళ్లకు.”

పొయ్యి కట్టేసి గట్టు పట్టుకుని నిలబడింది. ఈమె ఆయన కోసం మూడేళ్లుగా మూడు పెడుతోంది. ఆయన ఆ శుక్రవారమే నాలుగు రాసి ఉంచాడు.

ఆ పూట పప్పు వెన్నలా కలిసిపోయింది. పోచమ్మ మారు వడ్డించుకుంది. చూశావా, నా మాటకు ఒప్పుకున్నావా లేదా అని ఎగతాళి చేద్దామంటే, రజినికి ఎదుటి పీట మీద మనిషి లేడు.