ఒగ్వెనో తెరచాప

మా తోడికోడలు అపోంది మెత్తని మనిషి అని ఎవరైనా అన్నారంటే, వాళ్ళు ఆమె చేతి దెబ్బ తినలేదన్నమాట. ఒటియాటో తిన్నాడు. వాడి జిమ్మడ, అది చాలదనే నేనంటాను.

అపోందిది కొండ మీద ఊరు. పెళ్ళయి సరస్సు ఒడ్డుకు వచ్చేనాటికి చేప ముల్లు తీయడం కూడా రాదు. ఒగ్వెనో, అంటే మా బావగారు, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. తర్వాత చిట్టి ఒమెనా చేపలు ఎండబెట్టడంలో ఆమెను మించినవాళ్ళు మా రేవులో లేకపోయారు.

మా బస్తీ మురుగు శుద్ధి కావడానికి గట్టు కింద మూడు కుంటలు తవ్వారు. ఒకదానిలో మడ్డి దిగి, రెండోదానిలో ఎండకు కుళ్ళు చచ్చి, మూడోదానిలో తేరుకున్నాకే నీళ్ళు సరస్సులో కలవాలి. అజమాయిషీ ఒటియాటోది. కాపురం కుంటల పక్కనే. ఈ పెద్దమనిషి ఏం చేశాడు? మొదటి కుంట మడ్డితో నిండిపోతే తీయించలేదు సరికదా, మిగతా రెండూ ఎండగట్టి అరటితోట వేశాడు. మురుగును ఒక గొట్టంలోంచి తిన్నగా మా రేవులోకి వదిలాడు. నీళ్ళు పచ్చగా చిక్కబడ్డాయి. చేపలు చచ్చి తేలాయి. మేము మొత్తుకుంటే, "అంత సరస్సు, ఆ మాత్రం కడుక్కోలేదా?" అన్నాడు.

పడవ మీద దాహమేస్తే సరస్సు నీళ్ళే దోసిలితో తాగడం మా మగవాళ్ళ అలవాటు. ఇంటి నుంచి నీళ్ళు మోసుకెళ్ళేవాణ్ణి చూసి, "తల్లి పాలుండగా సీసా ఎందుకురా?" అని నవ్వుతారు. ఒగ్వెనో అలాగే తాగాడు. వాంతులు, విరేచనాలు. తెల్లారేసరికి మనిషి లేడు.

శవం ఇంకా ఇంట్లో ఉండగానే అపోంది ఒటియాటో గుమ్మం ముందు నిలబడింది. పక్కన నేనున్నాను.

"నా మొగుణ్ణి నీ గొట్టం చంపిందిరా!"

వాడు అరటిపండు ఒలుచుకుంటూ, "సారా తాగి పోయుంటాడమ్మా. ఏం తాగాడో నీ మొగుణ్ణే అడుగు," అన్నాడు.

ఆమె ఏడవలేదు. దారిలో నాతో, "చెల్లీ, పశువుల్ని కాస్త ఎక్కువ తోలుకురమ్మను," అంది, అంతే.

మా లువో తెగవాళ్ళలో పెద్దవాడు పోతే చావును తరమాలి. మందతో, కర్రలతో, డప్పులతో ఊరంతా పరిగెత్తి దాన్ని పొలిమేర అవతలి అడవిలోకి తోలి వస్తాం. ఆ మందకు అడ్డం వచ్చినవాడు చావును తన ఇంటికి పిలుచుకున్నట్టే. పోలీసులైనా పక్కకు తప్పుకుంటారు. ఆ పరుగులో వదిలేసిన పోయినవాడి వస్తువును ఇంటివాళ్ళు తప్ప ఎవరూ ముట్టరు.

అపోంది మొగుడి కోటు తొడుక్కుని, అతని పడవ తెరచాప భుజాన వేసుకుని ముందు నడిచింది. అడవి దారి రాగానే ఎడమకు తిరిగింది.

మా ఆయన, "వదినా, అటు కాదు!" అని అరిచాడు.

"చావు అడవిలో ఉందని నీకెవరు చెప్పారు మరిదీ? దాని కాపురం ఎక్కడో నాకు తెలుసు. తోలు!"

కుంటల గేటు విరిగింది. పశువులు అరటితోటలో పడ్డాయి. ఆహా, నా కళ్ళు చల్లబడ్డాయి! అపోంది గట్టు దిగి తెరచాపను గొట్టం మూతిలో కుక్కింది. మగవాళ్ళు దాని మీద బంకమట్టి పోసి మందతో తొక్కించారు. ఒటియాటో తలుపు సందులోంచి చూశాడే గాని బయటికి రాలేదు.

మురుగు ఊరుకుంటుందా? వెనక్కి తన్నింది. అక్కడ అన్నిటికన్నా పల్లంలో ఉన్నది వాడి ఇల్లే. ముందు పెరట్లోకి వచ్చింది, తర్వాత వంటింట్లోకి, ఆఖరికి మంచం కిందికి.

ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, కంపు కొడుతూ ఒటియాటో మా వాకిట్లోకి వచ్చాడు.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఆ గుడ్డ తీయించు. పడుకోవడానికి చోటు లేదు."

అపోంది చేపలు తిరగేస్తూ తలెత్తలేదు. "తెరచాప నాది కాదు నాయనా. తీయమంటాడో వద్దంటాడో నా మొగుణ్ణే అడుగు."

ఇక మడ్డి ఎత్తి కుంటలు బాగుచేయడం తప్ప దారి లేదని వాడికి తెలిసింది కాబోలు, నన్ను పార ఎరువడిగాడు. ఇంట్లో ఉన్నవాటిలో బాగా మొద్దుబారినది చూసి ఇచ్చాను.