గుమ్మడికాయకు మొదటి వేటు

నేను పనిచేసే బట్టల అంగట్లో సాయంత్రం టీ వేళకు అమ్మాయిలంతా నా డబ్బా మీద పడతారు. అందులో వేయించిన గుమ్మడి గింజలుంటాయి. ఉప్పు, పసుపు, పిసరంత కారం, అంతే. "ఎట్ల జేస్తావక్కా, మావి మాడిపోతాండాయి" అని అడుగుతారు. చెబుతాను. గింజల్ని నీళ్ళలో వేసి పీచు వదిలేదాకా పిసకండి. ఆ జిగురు ఒకంతట వదలదు, విసుక్కోకండి. ఉప్పు నీళ్ళలో ఒక పూట నానబెట్టి, మిద్దె మీద పాత చీర పరిచి ఎండేయండి. మన ఆదోని ఎండకు ఒక్క రోజు చాలు. బాండలి కింద మంట సన్నగా పెట్టి, గరిటె ఆపకుండా తిప్పండి. గింజ టప్పున ఎగిరితే ఉలిక్కిపడి మంట ఆర్పేయకండి, అప్పుడే కదా అది వేగడం మొదలుపెట్టేది. ఇవన్నీ విడమరిచి చెబుతాను. కాయ కోయడం గురించి మాత్రం చెప్పను. చెబితే ఎవరికీ టీ గొంతు దిగదు.

నేనేమీ ముచ్చటపడి ఈ గింజల జోలికి పోలేదు. నాలుగో నెల కడుపుతో ఉన్నప్పుడు నా మొగుడు నన్ను కడుపులో తన్నాడు. అందుకని పోయాను. వాడు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఆటో తోలేవాడు. ఆ రోజు పొద్దున ఆటో తాళం చెవి కనపడలేదు. నేనే ఎక్కడో పెట్టానన్నాడు. లేదన్నాను. నాకు నోరెక్కువ, ఇంకో రెండు మాటలు కూడా అన్నాను. తన్నాడు. తాళం చెవి వాడి చొక్కా జేబులోనే ఉంది.

ఆస్పత్రిలో నర్సమ్మ ఎట్లా జరిగిందని అడిగితే, పక్కనే నిలబడిన మా అత్త, "బాత్రూములో కాలు జారి పడిందమ్మా" అంది. మంచం మీద పడుకుని వింటున్నాను. వీధి చివరిదాకా వినిపించే నా నోరు ఆ పూట తెరుచుకోలేదు. బిడ్డ పోయింది. ఒంట్లో రక్తమంతా పోయింది. నర్సమ్మ నా కంటి రెప్ప లాగి చూసి, "మాత్రలు ఇడ్సకుండా మింగు. ఆకుకూర, బెల్లం, శనక్కాయలు, గుమ్మడి ఇత్తనాలు, ఏది దొరికితే అది తిను. ఇంగోతూరి ఇట్లా అయితే మనిషివి దక్కవు" అంది. చివరి మాట అనేటప్పుడు నన్ను చూడలేదు, మా అత్తను చూసింది.

ఆ మాట నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగింది. నేను బతకాలి. ముందు నాకు రక్తం పట్టాలి, ఆ తర్వాత మిగతా సంగతి. బజార్లో ప్యాకెట్లలో దొరికే గింజలు కొనడం మా వల్ల అయ్యేది కాదు. పెద్దకడుబూరు దగ్గర మా పుట్టింటి చేనుంది. శనగ చేను గట్ల మీద గుమ్మడి తీగలు పాకిస్తారు. మా అన్న ఆదోనికి పత్తి తెచ్చినప్పుడల్లా బిందెంత కాయ ఒకటి ఇంట్లో దించి, ఆదరాబాదరా వెళ్ళిపోయేవాడు. వాడితోనూ బాత్రూములో పడ్డాననే చెప్పాను. ఎందుకు చెప్పావే మొద్దుముఖమా అని మీరు తిట్టుకుంటారు. తిట్టుకోండి. నేనూ తిట్టుకున్నాను.

చిక్కంతా కాయ కోయడం దగ్గరే. మా ఇళ్ళల్లో నిండు గుమ్మడికాయకు మొదటి వేటు మగవాడే వేయాలి. వాడు రెండు చెక్కలు చేసిస్తే, ఆ తర్వాత ముక్కలు ఎవరైనా తరుక్కోవచ్చు. ఆడది మొదటి వేటు వేస్తే ఆ ఇంటి మగవాడికి కీడు. మా అత్తకు మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. మిగిలింది ఒక్క కొడుకు. గుమ్మడికాయ ఇంట్లో ఉంటే చాలు, మచ్చుకత్తి దాచేసేది. పక్కింటి సాయిబుల ఖాలా గోడ మీదుగా తొంగిచూసి నవ్వేది.

"అరె, పెండ్లయినప్పట్నుంచీ నేనే కోస్తాండా. మా ఆయనకేమైంది? దున్నపోతు మాదిరి ఉండాడు."

"మీకు సెల్లుతాది తల్లీ. నాకుండేది ఒక్కడు" అనేది మా అత్త.

అంటే ఏమిటి? నన్ను తన్ని నా రక్తం పోగొట్టినవాణ్ణే, ఆ రక్తం మళ్ళీ పట్టడానికి కాయ కోసిపెట్టమని బతిమాలుకోవాలి. బతిమాలాను.

మొదటి కాయకు వాడు పెరట్లో గొంతుక్కూర్చుని పిలిచాడు. "ఏమే, కాయ కదుల్తాంది. వచ్చి పట్టుకో." రెండు వైపులా అరచేతులు ఆనించి పట్టుకున్నాను. కొబ్బరికాయలు కొట్టే ఆ మచ్చుకత్తి వాడి తల మీదికి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. కత్తి నా చేతుల నడుమ దిగింది. కళ్ళు తెరిచేసరికి వాడు కాయను చూడటం లేదు, నా ముఖం చూసి నవ్వుతున్నాడు. ఆ రోజు నుంచి వాడికది ఆటైపోయింది.

రెండో కాయకు "సేతులు ఇంగా దగ్గరికి పెట్టు" అన్నాడు. పెట్టాను. మూడో కాయకు కత్తి నా ఎడమ చూపుడువేలి కొస గీరుకుంటూ పోయింది. పచ్చని కండ మీద నా రక్తం చుక్కలు చుక్కలుగా పడింది. మా అత్త పసుపు అద్ది గుడ్డ కట్టింది. కట్టి, "వాడు సిన్నప్పట్నుంచీ అంతే. ఎగతాళి జాస్తి" అంది. ఆ మాటకు వాడి మీద కన్నా ఆమె మీదే నాకు ఎక్కువ మండింది. ఆ కాయ గింజలు వేయించేటప్పుడు బాండలి ఎత్తి ఆమె నెత్తిన వేద్దామనుకున్నాను. గింజలు నేలపాలవుతాయని ఊరుకున్నాను.

ఆ గింజలు కడిగి, ఎండేసి, వేయించి తిన్నాను. ఆరోగ్యం కోసం తిన్నానంటే అబద్ధం. కసితో తిన్నాను. ఒక్కొక్క గింజ పళ్ళ మధ్య పగిలినప్పుడల్లా వాడి వేళ్ళు కొరికినట్టు ఉండేది. నెల తిరిగాక నర్సమ్మ రెప్ప లాగి చూసి, "పర్వాలేదు, పడతాంది" అంది. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో నా ముఖం నేనే చూసుకున్నాను. మా అత్తకు పళ్ళు పెద్దగా లేవు. మధ్యాహ్నాలు నా పక్కన కూర్చుని గోళ్ళతో గింజలు ఒలిచేది. లోపలి పచ్చ పప్పు తన నోట్లో వేసుకోకుండా నా ముందు కుప్ప పోసేది. "తిను" అనేది. తినేదాన్ని.

శ్రావణమాసం వచ్చింది. ఉరుకుంద ఈరన్న జాతరకు జనం బస్సులు చాలక ఆటోలకు ఎగబడే రోజులు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వాడు తాగి ఇంటికొచ్చాడు. స్టాండులో ఎవరి ఆటో ముందు పెట్టాలనే దగ్గర ఇంకో డ్రైవరుతో కొట్టుకున్నాడట. పెదవి చిట్లి రక్తం కారుతోంది. అక్కడ దెబ్బలు తిన్నవాడు ఇక్కడ తీర్చుకుంటాడని తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పొద్దునే మా అన్న దించిన కాయ పెరట్లో ఉంది. నేను అడగలేదు. వాడే అడిగాడు.

"కాయ యాడుండాది? రా, పట్టుకో."

"ఈ పొద్దు వద్దులే" అన్నాను.

చెంప మీద కొట్టాడు. చెవి గుయ్యిమంది. జుట్టు పట్టి పెరట్లోకి ఈడ్చుకుపోయి కాయ ముందు కూలేశాడు. "ఈ తూరి కండ్లు మూసుకోని కొడతా. సేతులు తీసినావంటే సూడు, యాడ తంతానో నీకు తెల్సు" అన్నాడు.

చేతులు పెట్టాను. పెట్టక ఏం చేయను? వేలు పోతే పోయింది, మళ్ళీ కడుపులో తన్నితే నేను మిగలను. వాడు నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. కత్తి పైకి లేచింది. నిలబడ్డచోటే వాడు అటూ ఇటూ తూలుతున్నాడు.

అప్పుడు నా చేతుల మీద ఇంకో రెండు చేతులు పడ్డాయి. గాజుల్లేని చేతులు. మా అత్త ఎప్పుడొచ్చిందో, నా ఎదురుగా చతికిలబడి నా చేతుల్ని తన చేతులతో కప్పేసింది.

"కొట్రా" అంది.

వాడు కళ్ళు తెరిచాడు. "నువ్వు లెయ్‌మా."

"కొట్టు. పడితే ఇద్దరికీ పడనీ."

వాడి చేయి మెల్లగా దిగింది. ఆమె లేచి కత్తి లాక్కుంది. ఎప్పటిలాగే దాచేస్తుందనుకుని వాడు నవ్వాడు. "దాసిపెట్టుకో, యాడ దాసినా నాకు దొరుకుతాది" అన్నాడు. ఆమె కత్తి దాచలేదు. మోకాలితో కాయను అదిమిపట్టి కూర్చుంది. ఆమె ఏం చేయబోతోందో వాడికంటే ముందు నాకర్థమైంది.

"అత్తా, వద్దు!" అని అరిచాను. నేనే! వాడు చస్తే పీడ పోతుందని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. అయినా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

ఆమె కొట్టింది. కత్తి సగం దిగి ఇరుక్కుంది.

"అమ్మా!" అన్నాడు వాడు. వాడు అరవడం నేను చాలా విన్నాను, ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. చిన్నపిల్లాడు బావిలో పడుతూ అరిచినట్టు అరిచాడు. "ఏం జేస్తాండావుమా? నేనింగా బతికే ఉండా గదమా!"

"తెల్సు" అంది. కాలు అడ్డం పెట్టి కత్తి ఊడబెరికి మళ్ళీ కొట్టింది. కాయ రెండు చెక్కలైంది. అంతటితో ఆగలేదు. నాలుగు చేసింది, ఎనిమిది చేసింది, కొడుతూనే ఉంది. గింజలు ఎగిరి గోడకు తగులుతున్నాయి. పీచు ఆమె నెరిసిన జుట్టుకు అంటుకుంది. "జారి పడిందంటిని. ఈ నోటితోనే అంటిని" అని గొణుగుతూ కొట్టింది.

వాడు వచ్చి ఆమెను ఒక్క తోపు తోశాడు. రాతిబండ మీద పడి ఆమె మోచేయి చీరుకుపోయింది. కత్తి మాత్రం వదల్లేదు. దాన్ని ఊతం చేసుకుని లేచి, వాడి వైపు చాపింది.

"ఇంగొక అడుగెయ్యి" అంది. "నిన్ను కన్నది నేనే. నరికేదీ నేనే."

వాడు ఏడుస్తున్నాడు. ముక్కు తుడుచుకుంటూ, "నా సావు కోరితివి కదమా" అన్నాడు. గోడ అవతల ఖాలా, "పోనీ వాన్ని! తలుపెయ్యండి, తలుపెయ్యండి!" అని కేకలు పెడుతోంది. వాడు బయటికి పోయి ఆటో స్టార్ట్ చేశాడు. వీధిలో నిలబడి కన్నతల్లిని అన్న మాటలు నేను రాయను.

పెరడంతా చెల్లాచెదురైన గింజల్ని ఆమే ఏరింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. కడిగింది, ఎండేసింది. పొయ్యి మీద వేయిస్తూ సగం మాడ్చేసింది. వీధిలో ఆటో చప్పుడైతే చాలు, గరిటె వదిలేసి గడప దగ్గరికి పరుగెత్తేది. ఎమ్మిగనూరు రోడ్డులో ఆటో బోల్తా పడిందని ఎవరో అంటే, అది వేరే ఎవరిదో అని తెలిసేదాకా నేల మీద కూలబడి లేవలేదు. ముద్ద ముట్టలేదు. "ఈరన్నా, కోసింది నేను. నన్నే తీస్కపో. వాన్నేమీ జెయ్యాకు సామీ" అని మొక్కుకునేది. నేను వింటున్నానని తెలిసి మధ్యలో ఆపేసేది. నేను మాత్రం మొక్కలేదు. వాడికి కాలో చేయో విరగాలనే కోరుకున్నాను. ఇందులో దాచుకోవడానికేముంది?

తొమ్మిదో రోజు పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు అక్కడే ఉన్నాడట. తింటున్నాడు, తాగుతున్నాడు, మంత్రాలయం రోడ్డులో ఆటో తోలుతున్నాడు. ఒంటి మీద గీత కూడా లేదట.

"కాలూ సెయ్యీ బాగుండాయా? జొరం గిరం రాలేదా?" అని ఆమె అడిగిందే అడిగింది.

"రాయి మాదిరి ఉండాడక్కా. నువ్వొక మాట అంటే ఈ పొద్దే తోలుకొస్తా" అన్నాడు ఆయన. ఆ ఫోన్‌లో మాటలు గదంతా వినిపిస్తాయి. ఒక్కడే కొడుకు, క్షేమంగా ఉన్నాడు, ఏ తల్లి వద్దంటుంది? చీరలు ఏ సంచిలో సర్దుకోవాలా, పెద్దకడుబూరు బస్సు ఎన్నింటికా అని ఆలోచిస్తున్నాను.

"ఆడే పెట్టుకో" అంది ఆమె. "ఈ గడప తొక్కొద్దని సెప్పు." ఫోన్ పెట్టేసింది.

మోచేతి దెబ్బ మీద పక్కు కట్టింది, దాన్ని గోటితో గీకుతోంది. తర్వాత నా వైపు తిరిగింది.

"వానికేమీ కాలేదంటమ్మే" అంది. "ఏమన్నా అవుతాదేమోనని ఇన్నేండ్లు బయపడి సస్తి. వాడు కొట్టినా నోరు మూసుకుంటి, తన్నినా మూసుకుంటి. ఏమీ కాలేదు సూడు." గోటికి పక్కు ఊడొచ్చింది. "నేను ముందే వానికి అడ్డం పడింటే నీ బిడ్డ బతికుండేది."

కాదత్తా, నీదేం తప్పు, అనాలి కాబోలు. ఎవరైనా అదే అంటారు. నాకు అనబుద్ధి కాలేదు.

"అవునత్తా, బతికుండేది" అన్నాను.