మొగిలమ్మ మూసిన కిటికీ

మా పెద్దమ్మ మొగిలమ్మ నెక్కొండ పక్క నాలుగూళ్ళకు మంత్రసాని. నన్ను భూమ్మీదికి దింపింది కూడా ఆమే కాబట్టి ఆమెకు ఎదురు చెప్పే హక్కు నాకెప్పుడూ లేకపోయింది. పురుడు కాగానే అర్ర కిటికీ మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టించేది. ఆమె మొదటి కొడుకు ఆమే మూయించిన అలాంటి అర్రలోనే అయిదో రోజున పోయాడు. ఎక్కడో సందు మిగిలి గాలి సోకిందన్నారు. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ ఆమె ఒక్క సందు మిగలనివ్వలేదు.

1979 చలికాలంలో పెదనాయన గట్టయ్య రెండు మేకలను అమ్మేసి, వరంగల్ నుంచి రైల్లో యాభై ఫారం కోడిపిల్లలను అట్టపెట్టెలో తెచ్చాడు. పుట్టి ఒక్కరోజే అయింది. మూడు వారాలు బల్బు వేడిలో ఉంచాలని అమ్మినవాళ్ళు చెప్పారట.

“తల్లి లేని పిల్లలకు బల్బు తల్లయితదా?” అని పెద్దమ్మ నవ్వింది. అయినా పక్క అర్రలో బల్బు వేలాడదీయించింది. ఇవతలి అర్రలో కుంపటి పక్కన ఆమె కూతురు భారతి, తొమ్మిది రోజుల మనుమడు ఉన్నారు.

మర్నాడు ముసురు పట్టింది, పొద్దున్నే కరెంటు పోయింది. పిల్లలన్నీ కిచకిచమంటూ ఒకదాని మీద ఒకటి కుప్పపడ్డాయి. పెద్దమ్మకు ఈ పని కొట్టిన పిండి. కిటికీ మూసింది, గుడ్డలు కుక్కింది, కుంపటి రాజేసింది. పిల్లల గోల తగ్గగానే తృప్తిగా మనుమడికి నీళ్ళు పోయడానికి వెళ్ళింది.

వచ్చి చూసేసరికి కొన్ని మెడలు వాల్చి, ముక్కులు తెరిచి పడి ఉన్నాయి. చలి తగ్గలేదనుకొని ఇంకా నాలుగు బొగ్గులు వేసింది. ఇంకొన్ని పడ్డాయి. ఆమెకూ తల తిరిగి గోడ పట్టుకుంది. నేను పరుగెత్తి పశువుల దవాఖాన కంపౌండర్ రాంచందర్‌ను పిలుచుకొచ్చాను.

అతను రాగానే కుంపటిని వాకిట్లో పెట్టి, తలుపు, కిటికీ బార్లా తెరిచాడు.

“మొగిలమ్మక్కా, పొగ కనబడకున్నా బొగ్గుల గాలి విషమే. అంతా మూస్తె అది పీల్చే సచ్చిపోతయి. కుండల ఉడుకునీళ్ళు పోసి, మూతి కట్టి, గోనె చుట్టి నడుమ పెట్టు. పిల్లలు కుప్పపడితె చలి, దూరం ఉరికితె ఉడుకు. అంతటా తిరుగుతుంటె సరిపోయినట్టు.”

కాసేపటికి పడిన పిల్లల్లో కొన్ని తలలెత్తాయి. పదకొండు లేవలేదు. మిగిలినవి కుండ చుట్టూ తిరగసాగాయి. పెదనాయన సంతోషించాడు. పెద్దమ్మ మాత్రం అలాగే నిలబడిపోయింది.

“మరి బాలెంతలకు గిట్లనే పెట్టిన గద. బత్కిరి గద,” అంది. మళ్ళీ తనే, “అందరు బత్కలే,” అంది.

రాంచందర్ చచ్చిన పిల్లలను ఏరి పక్కన పెట్టసాగాడు. ఆ కొడుకు సంగతి అతనికీ తెలుసు.

ఆమె భారతి అర్రలోకి వెళ్ళింది. కుంపటి ఎత్తుకొచ్చి నా చేతిలో పెట్టింది. కిటికీ సందులోని గుడ్డ లాగింది. మళ్ళీ కుక్కింది. మళ్ళీ లాగింది. అంత అయోమయంలో ఆమెను నేనెన్నడూ చూడలేదు. నాకు భయమేసింది.

“అమ్మా, పోరనికి గాలి తగుల్తది గదనే,” అంది భారతి.

“నీ కొంగు కప్పు,” అని కిటికీ తీసింది. చల్లగాలి లోపలికి వచ్చింది. మనుమడు తుమ్మి, మళ్ళీ నిద్రపోయాడు. పెద్దమ్మ వాడినే చూస్తూ నన్ను అడిగింది.

“నా కొడుకును గాలే కొట్టిందా బిడ్డా, లేకుంటె నేనే గాలి లేకుంట చేసిన్నా?”

ఆమె కిటికీ రెక్క పట్టుకొని, మూయనూ లేక, వదలనూ లేక, చాలాసేపు అక్కడే నిలబడింది.