చదువు లేని పీరియడు

మా అక్క లూదియా నంద్యాలలో ట్రైనింగ్ చేసి, డెబ్బైల్లో ఆళ్లగడ్డ బడిలో టీచరుగా చేరింది. రోజూ నంద్యాల నుంచి బస్సులో పోయి వచ్చేది. ఎవరేమన్నా నవ్వి ఊరుకునేది. మాటకు మాట అప్పజెప్పే పని నాది.

ఆమెకు అప్పగించిన ఐదో తరగతి పిల్లలు పుస్తకం పేరెత్తితే చాలు కడుపునొప్పి అనేవాళ్లు. పాఠాలు మాత్రం బట్టీపట్టి గడగడా ఒప్పజెప్పేవాళ్లు. విగ్రహాలు చెక్కే సుబ్బరాయుడి కూతురు ఓబులమ్మయితే పుస్తకం తలకిందులుగా పట్టుకునే పాఠమంతా చెప్పేసేది. ఎండాకాలంలోపు సొంతంగా చదవడం రాకపోతే బడి మాన్పించి, విగ్రహాలు నున్నగా రుద్దే పనిలో పెడతానని సుబ్బరాయుడు తేల్చి చెప్పాడు. అక్కకు అన్నం సహించలేదు.

మన భాషతో ఒక చిక్కుంది. పరీక్షకు చదివినా చదువే, సరదాగా కథ చదివినా చదువే. ఆ మాట చెవిన పడితేనే పిల్లల మొహాలు మాడిపోతున్నాయని అక్క కనిపెట్టింది. నంద్యాలలో ఇల్లిల్లూ తిరిగి పాత పిల్లల పత్రికలు అడిగి తెచ్చి, చివరి పీరియడులో చాప మీద పరిచింది.

“ఈ పీరియడులో సదువు లేదు. కతలే,” అంది.

నచ్చింది తీసుకోవచ్చు, నచ్చకపోతే పెట్టేయొచ్చు. ప్రశ్నలుండవు, ఒప్పజెప్పడాలుండవు. మొదట్లో అందరూ బొమ్మలే చూశారు. బొమ్మలో దొంగ గాడిద కాళ్లెందుకు పట్టుకున్నాడో తెలియాలంటే మాత్రం కింద ఉన్నది కూడబలుక్కోక తప్పలేదు.

అలా కొన్ని నెలలు గడిచాక, ఒకరోజు ఓబులమ్మ ఇంటికి పోయి, రోజూ చివర్లో మాకు సదువు లేదని సంబరంగా చెప్పింది. ఇంకేముంది, మర్నాడే సుబ్బరాయుడు ఒంటినిండా రాతిపొడితో బడికొచ్చాడు. ఆ రోజు నేనూ అక్కతో వెళ్లాను.

“సదువు లేదని మీరే చెప్తాంటే పాపను ఏంటికి పంపల్ల టీచరమ్మా? ఇంటికాడ రాయన్నా రుద్దుకుంటాది.”

నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతే అక్క కళ్లతోనే ఆపింది. మూలన కూర్చున్న ఓబులమ్మను అతనికి చూపించింది. ఆ పిల్ల పుస్తకంలో తల దూర్చి తనలో తానే నవ్వుకుంటోంది. తండ్రి వచ్చిన సంగతే తెలియదు.

అతను నమ్మలేదు. అదీ బట్టీయే అన్నాడు. తనకు అక్షరం రాకపోయినా, అడుగున ఉన్న పత్రిక లాగి, మధ్యలో తెరిచి కూతురి చేతికిచ్చాడు.

ఓబులమ్మ మొదలుపెట్టింది. “నిశ్శబ్దంగా” అన్న మాట దగ్గర ఆగిపోయింది. అక్క అందించలేదు. కొంగు మాత్రం నలిపేస్తోంది. పిల్ల వెనక్కి పోయి, ముక్కలు ముక్కలుగా పలికి, చివరికి మాటంతా ఒక్కసారి అనేసింది. ఆ తర్వాత ఆగలేదు. కథలో ఒక ముసలమ్మ ఊరి పెద్దనే ఆటపట్టిస్తోంది. సుబ్బరాయుడు ఎప్పుడు కిందకూర్చున్నాడో, ఎప్పుడు నవ్వడం మొదలుపెట్టాడో మేం గమనించనే లేదు. బెల్లు కొట్టారు. ఓబులమ్మ పత్రిక మూయబోయింది.

“మూయొద్దు పాపా. ముసల్ది దొరికిందా లేదా?”

కథంతా అయ్యాక అతను లేచి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

“ఈ బుక్కు ఇంటికి తీసకపోవచ్చునా టీచరమ్మా? వాళ్లమ్మ గుడక ఇనల్ల.”

తిరిగొచ్చే బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను మాత్రం నంద్యాల వచ్చేదాకా, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, ఈమె మా అక్క అని చెప్పుకుంటూనే ఉన్నాను.