క్లచ్ విడవని బండి

నేను ఆ క్యాంపులో దిగిన రోజు వాన పడుతూనే ఉంది. జిమల్‌గట్ట దగ్గర తారు రోడ్డు వదిలి, టేకు అడవిలోకి మట్టి దారిన పోతే చివర్లో మా సాయుధ బలగం క్యాంపు. చుట్టూ ముళ్ల తీగ. ఇసుక బస్తాల కాపలా మోర్చాలు. రేకుల షెడ్లు. భుజాన రైఫిలు, వీపున బ్యాగు, చేతిలో తడిసిన పరుపు చుట్టతో గేటు దాటాను. మా ఊరు బామ్ని. అదే తారు రోడ్డు మీద సిరొంచ వైపు పోతే వస్తుంది. ఇంత దగ్గర పోస్టింగ్ అని అమ్మ సంబరపడింది. కానీ ఆ వానాకాలమంతా నేను ఇంటి ముఖం చూడలేదు.

నేను డ్రైవర్ని. నా చేతికి వచ్చింది ఒక పాత ట్రక్కు. ఊళ్లో వాళ్లు నన్ను కాల్పుల గురించి అడుగుతుంటారు. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఆ ట్రక్కు గురించే.

బురదలో రేషన్ మోసీ మోసీ దాని క్లచ్ ప్లేటు కాలిపోయింది. వాగులు పొంగి వర్క్‌షాపుకు దారి లేదు. కొత్త ప్లేటు ఒకటి స్టోరులో ఉంది. మా మెకానిక్ హవల్దార్‌ది మంచిర్యాల. అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం.

"వర్క్‌షాప్ ఎందుకు తమ్మీ? మనమే దించుదాం గేర్‌బాక్సు," అన్నాడు.

టార్పాలిన్ కింద, దుంగల మీద జాకీ పెట్టి దించాం. ప్లేటు బిగిస్తున్నప్పుడు ఉస్తాద్ పళ్లు టకటకలాడుతున్నాయి.

"చలి వెడ్తుంది. జర చాయ్ తే," అన్నాడు.

వాన చలి అనుకున్నాం. గేర్‌బాక్సు ఆఖరి బోల్టు బిగించాక లేచి నిలబడలేకపోయాడు. మెడికల్ జవాను వేలి నుంచి నెత్తురు తీసి చూసి, మలేరియా అన్నాడు. తెల్లారేసరికి ఉస్తాద్ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. నన్ను చూసి వాళ్ల అన్న పేరు పెట్టి పిలిచాడు.

"తలకెక్కింది. ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు మెడికల్ జవాను.

మా రేడియో ఆపరేటర్ భూపాలపల్లి మనిషి. సెట్ కింద పెట్టి వచ్చాడు. "హెలికాప్టర్ రాదు అన్నా. మబ్బు కిందికి దిగింది. అంబులెన్స్ సిరొంచ నుంచి జిమల్‌గట్ట దాకా వస్తదట. ఆడిదాక మనమే తేవాలె."

ఆ బురదలో జీపు పోదు. స్ట్రెచర్ మోస్తూ నడిస్తే పొద్దు గూకుతుంది. ఉన్నది ట్రక్కే. ఎక్కి స్టార్ట్ చేశాను. పెడల్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేయబోతే గరగరమని పళ్లు అరిచాయి. మళ్లీ వేశాను. అదే అరుపు. ఇంజిన్ ఆపి వేస్తే గేరు వెన్నలా పడింది. అంటే పెడల్ తొక్కినా క్లచ్ విడవడం లేదు.

కమాండర్ సాబ్ వానలోనే వచ్చి నిలబడ్డారు. "ఏమైంది?"

"చూస్తున్న సాబ్."

మొదట క్లచ్ ఆయిలు పైపులో గాలి చేరిందేమో అనుకున్నాను. ఆపరేటర్ పెడల్ తొక్కుతుంటే నేను కింద పడుకుని గాలి వదిలే నిపుల్ విప్పాను. ఆయిలు వచ్చింది, బుడగ ఒక్కటీ లేదు. పెడల్ వదులు సరిచేశాను. గేర్‌బాక్సు పక్కన క్లచ్‌ను నెట్టే రాడ్డు మీద వేలు పెట్టి, "తొక్కు" అన్నాను. రాడ్డు నిండా కదిలింది. బయట అంతా బాగుంది. తప్పు లోపలే. లోపల చూడాలంటే మళ్లీ గేర్‌బాక్సు దించాలి. షెడ్డులోంచి ఉస్తాద్ మూలుగు వినిపిస్తోంది.

"సాబ్, క్లచ్ లేకుండనే తీస్కపోత," అన్నాను. "ఇంజిన్ బంద్ పెట్టి గేరేస్త. సెల్ఫ్ కొడ్తే గేర్లనే లేస్తది. మొదటి గేర్లనే పోత."

"ఆపాలంటే?"

"ఇంజిన్ బంద్ చెయ్యాలె."

అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. దారిలో మూడు కల్వర్టులున్నాయి. మందుపాతర ఉందో లేదో చూడనిదే ఏ బండీ కల్వర్టు ఎక్కకూడదు. మూడు చోట్లా ఆగాలి. ఆగిన ప్రతిసారీ ముసలి బ్యాటరీ మీద భారం.

"పో," అన్నారు.

ఉస్తాద్‌ను వెనక పడుకోబెట్టారు. సెల్ఫ్ కొట్టగానే బండి ఒక్క దూకు దూకింది. వెనక నుంచి మెడికల్ జవాను తిట్టు వినపడింది. మొదటి కల్వర్టు దగ్గర ఆపాను. మందుపాతరలు వెతికే డిటెక్టర్ జవాను దిగి ముందుకు నడిచాడు. పెర్మిలి వాడు. ఇంట్లో గోండి, మాతో తెలుగు. కాపలాకు వెనక ఎక్కిన జవాన్లు చెట్ల వైపు తుపాకులు పెట్టి కూర్చున్నారు. అతను చెయ్యి ఊపాడు. బండి లేచింది. రెండో కల్వర్టు దగ్గర సెల్ఫ్ మూలిగి మూలిగి లేచింది.

మూడో దాని దగ్గర టక్కుమంది, అంతే. మళ్లీ నొక్కాను. టక్.

దారి అక్కడ కల్వర్టు మీదికి పల్లంగా ఉంది. దాటగానే ఎర్ర బురద ఎక్కుడు. ఉన్న ఒక్క ఉపాయం గేరు తీసి బండిని పల్లానికి వదిలి, ఊపు మీద రెండో గేరు గుద్దడం. వదిలాక ఆపితే మళ్లీ పల్లం ఉండదు.

డిటెక్టర్ జవాను కల్వర్టు కిందికి దిగాడు. చాలాసేపు కనిపించలేదు. వెనక నుంచి, "తొందర వెట్టు అన్నా, గుంజుతుండు!" అని మెడికల్ జవాను కేక. ఉస్తాద్‌కు ఫిట్స్ మొదలయ్యాయి.

జవాను పైకొచ్చాడు. కల్వర్టు అంచున నిలబడ్డాడు.

"పక్కకు జరుగు!" అని అరిచాను.

"మంచిగ జూసిన. నేను ఈడనే ఉంట. నువ్వు రా!"

బ్రేకు వదిలాను. బండి మెల్లగా కదిలి, జోరందుకుంది. గేరు గుద్దాను. పళ్లు అరిచాయి, పడలేదు. కల్వర్టు మీద టైర్ల చప్పుడు మారింది. జవాను ముఖం నా కిటికీ పక్క నుంచి దాటింది. రెండు చేతులతో మళ్లీ గుద్దాను. ధడేల్మని పడింది. బండి వణికి, దగ్గి, నల్ల పొగ కక్కి లేచింది. ఎక్కుడు ఎక్కేసింది. ఇక తారు రోడ్డు దాకా ఆపలేదు. తెల్ల అంబులెన్స్ కనపడ్డాకే ఇంజిన్ ఆపాను.

ఉస్తాద్ బతికాడు. చిక్కి సగమై, సెలవు మీద ఇంటికి పోయాడు. వానలు తగ్గాక గేర్‌బాక్సు దించి చూశాం. ప్లేటు తిరగేసి బిగించి ఉంది, అందుకే క్లచ్ విడవలేదు. జ్వరం అప్పటికే అతని చేతుల్లో ఉందన్నమాట.

నా పోస్టింగ్ కాలం ముగిశాక బామ్నికి బస్సులో వచ్చాను. అమ్మ వాకిట్లో నీళ్లు పెట్టింది. కాళ్లు కడుక్కుంటూ ఆగిపోయాను.

ఆ రోజు జిమల్‌గట్టలో ట్రక్కు వెనక డాలా తలుపు దించింది నేనే. ఉస్తాద్ కళ్లు మూసి ఉన్నాయి. ఒంటి మీద తెలివి లేదు. ఎడమ కాలు మాత్రం లేస్తోంది, దిగుతోంది. క్లచ్ పెడల్ తొక్కినట్టు, చెక్క మీద బలంగా నొక్కి, మెల్లగా వదులుతున్నాడు.

"దారి పొడుగునా గిట్లనే తొక్కుతుండు," అన్నాడు మెడికల్ జవాను.