ఉసిరితోట పురుగుకు పెట్టిన పేరు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క మాట. "వద్దు" అన్న మాట. ఎవరితో అన్నానో అందరికీ తెలిసినా ఎవరూ తప్పు పట్టరు. ఎందుకు అన్నానో మాత్రం ఇంతవరకు ఒక్క మనిషికే చెప్పాను. అలా చెప్పడం ఇంకో తప్పయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. నాకున్న కాస్త ధైర్యం అదే.

మాది నంద్యాల. మా ఇంట్లో అందరూ టీచర్లే. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. పొలుసు పురుగుల మీద పరిశోధన మొదలుపెట్టి చాలాకాలమైనా చెప్పుకోవడానికి చేతిలో ఏమీ లేని రోజులవి. నాతోపాటు మొదలుపెట్టిన వాళ్లందరి పేర్ల ముందు డాక్టరు చేరింది. ఆదివారం చర్చి బయట ఎవరో ఒకరు "ఇంకా కాలేదా" అని అడిగేవాళ్లు. నవ్వి ఊరుకునేదాన్ని. లోపల ఏదో కాలుతూ ఉండేది.

పొలుసు పురుగును చూస్తే పురుగనిపించదు. కొమ్మకు అంటుకున్న చిన్న పెచ్చులా ఉంటుంది. ఆడది ఒకచోట మూతి దింపి రసం పీల్చడం మొదలుపెట్టిందంటే ఇక కదలదు. కాళ్లు పోతాయి, ఒంటి మీద గట్టి డిప్ప పెరుగుతుంది, దాని కిందే గుడ్లు పెట్టి చస్తుంది. పిల్లలు మాత్రం కొన్నాళ్లు నడుస్తాయి. పసుప్పచ్చటి దుమ్ములా కొమ్మ మీద పాకుతాయి. మందుకు చచ్చేది అప్పుడే. డిప్ప కట్టాక ఏ మందూ లోపలికి దిగదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వద్దన్న రోజు నాకు ఇది బాగా గుర్తుంది.

నేను వద్దన్నది ఒక రైతుతో. ఆయన్ని ఓబులేసన్న అంటాను. అసలు పేరు అది కాదు. ఆళ్లగడ్డ దాటి రుద్రవరం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట, ఆయనకు ఉసిరితోట ఉండేది. నంద్యాలలో రైతుల మీటింగులో నేను మాట్లాడి దిగాక, ప్లాస్టిక్ కవర్లో ఒక రెమ్మ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. రెమ్మ నిండా బూడిదరంగు పెచ్చులు. ఇంటికి తీసుకుపోయి, డిప్ప లేపి, లోపలి పురుగును క్షారంలో నానబెట్టి, రంగు పట్టించి, స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూశాను. ఒంటి చివర అంచున ఉండే పళ్లలాంటి తమ్మెలు నేను చదివిన ఏ వర్ణనకూ సరిపోలేదు. పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. ఎక్కడా లేదు. అడవిలోని ఉసిరిచెట్ల మీద ఎవరి కంటా పడకుండా బతికిన జాతి ఒకటి ఈయన అంటుచెట్ల మీదికి దిగి వచ్చింది. లోకంలో దాన్ని గుర్తుపట్టింది నేనొక్కదాన్నే. ఆ సంతోషం ఎలాంటిదో మీకు ఎలా చెప్పను? ఈ తప్పంతా ఆ సంతోషంలో నుంచే పుట్టింది.

కొత్త జాతి అని రాయాలంటే ఒకటి రెండు పురుగులు చాలవు. నా దగ్గరున్న వాటిలో సగం ముదరనివి. కొన్నింటిని లోపలి నుంచి వేరే పురుగు తినేసింది. బాగా ముదిరిన ఆడవి కావాలి, కొమ్మ మీదివి, ఆకు మీదివి, కాయ మీదివి. అందుకని తోటకు పోయాను. అప్పుడే పిల్లలు పాకుతున్నాయి. వేలితో తాకితే వేలికంతా పసుపు అంటింది. ఓబులేసన్న, ఆయన భార్య సుబ్బమ్మ చెట్టు కింద నిలబడి నా మొహం చూస్తున్నారు.

"మేడం, మందులంగడాయప్ప ఈ వారంలోనే కొట్టమంటాండాడు," అన్నాడు ఆయన. "నాకేం తెలుస్తాది. నువ్వు సదువుకున్న దానివి. కొట్టల్లనా, వద్దా?"

"ఇప్పుడే వద్దన్నా," అన్నాను. "దీన్ని తినే పురుగులు తోటలోనే ఉండాయి. మందు కొడితే అవి చస్తాయి. కొన్నాళ్లు చూద్దాం."

"మళ్లీ ముదిరిపోదు గదా?"

"పోదులేన్నా."

"నువ్వు జెప్తే సరే."

సుబ్బమ్మ కొంగుతో ఒక రెమ్మ తుడిచి చూసుకుంది.

నేను చెప్పింది అబద్ధమా? దాన్ని తినే పురుగులు తోటలో ఉన్న మాట నిజం. మందు కొడితే అవి చస్తాయన్నదీ నిజమే. కానీ అవి ఆ తోటను కాపాడేటన్ని లేవని చూడగానే తెలిసింది. అంగట్లో ఆయన చెప్పిందే సరైన మాట అని కూడా తెలుసు. మందు కొడితే ఆ పిల్లలు చస్తాయి, నాకు ముదిరిన ఆడవి దొరకవు. ఇంకో సంగతి కూడా ఉంది, ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనక్కి పోతోంది. తోటకు పురుగు పట్టిందని నలుగురికీ తెలిస్తే ఎవరో ఒక శాస్త్రవేత్త వస్తాడు, చూస్తాడు, నాకంటే ముందు రాసేస్తాడు. ఆ భయంతోనే నిజాల్లో నుంచి నాకు పనికొచ్చేవి ఏరుకొని ఆయన చేతిలో పెట్టాను.

కుండీల్లో నాలుగు ఉసిరిమొక్కలు పెట్టి, వాటి మీదికి పురుగుల్ని ఎక్కించి మా మిద్దె మీద పెంచుకోవచ్చు. ఆయన తోటకు మందు కొట్టుకునేవాడు. ఈ ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. రాలేదని చెప్పుకోవడానికి చాలా ప్రయత్నించాను, కానీ వచ్చింది. మొక్కలు బతకవేమో, పురుగులు పట్టవేమో, మళ్లీ ఏడాది పోతుందేమో అనుకున్నాను. నా ఏడాది. వాళ్ల తోట ఎన్నేళ్లదో అడగనైనా లేదు.

ఎండాకాలం వచ్చేసరికి నాకు కావలసినవన్నీ దొరికాయి. అంత మంచి స్లైడులు మళ్లీ ఎప్పుడూ చేయలేదు. తోటలో కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. అప్పుడు ఆయన మందు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. డిప్పల మీద పడి జారిపోయింది. మరుసటి వానలకు చిగురు లేదు. చెట్లు కొట్టించి కట్టెలకు వేశాడు. భూమి కౌలుకిచ్చి ఇద్దరూ ఆళ్లగడ్డ చేరారు. విగ్రహాలు చెక్కే చోట ఆయనకు రాళ్లు నునుపు చేసే పని దొరికింది.

నా వ్యాసం అచ్చయింది. పురుగుకు ఆయన పేరు పెట్టాను. కొత్త జాతికి మనిషి పేరు పెట్టడం మా శాస్త్రంలో గౌరవం. తోటలోకి రానిచ్చినందుకు కృతజ్ఞతగా అని కింద రాశాను. నిజంగా కృతజ్ఞతేనా? లేక తోట పోగొట్టిన చేత్తో ఏదో ఒకటి ఇచ్చి నన్ను నేను నిద్రపుచ్చుకున్నానా? తోటను తిన్న పురుగును ఆ తోట యజమాని పేరుతోనే లోకమంతా పిలుస్తుందని అప్పుడు నాకు తోచలేదు. తోచినా పెట్టేదాన్నేమో.

ఆళ్లగడ్డలో ఆయన పనిచేసే చోటికి వ్యాసం తీసుకుపోయి చూపించాను. ఒంటి నిండా రాతిదుమ్ము. చేతులు కడుక్కొని, తుడుచుకొని, పేజీ అందుకున్నాడు. ఇంగ్లీషు చదవలేడు. పేరు ఎక్కడుందో వేలితో చూపించాను. అక్షరాల మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు.

"లోకమంతా ఇదే పేరుతో పిలుస్తారా మ్మా?"

"అవునన్నా."

"నేను పోయినాక గూడానా?"

"అప్పుడు కూడా."

పక్కన పనిచేసే వాళ్లను పిలిచి చూపించాడు. "ఈ మేడమే," అన్నాడు. వెళ్లేటప్పుడు నా మొహంలో ఏం కనిపించిందో, "తోట గురించి బాధపడాకు మ్మా, దాని రాత అంతే," అని నన్నే ఓదార్చాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. తల ఊపి బస్సెక్కాను.

డాక్టరేటు వచ్చింది. చర్చిలో శాలువా కప్పారు. తర్వాత చాలా ఏళ్లు ఆళ్లగడ్డ పోవాల్సిన పని పడినా ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. క్లాసులో పొలుసు పురుగుల పాఠం వచ్చినప్పుడు ఆ పేరు బోర్డు మీద రాయాలి. రాసి, పిల్లల వైపు తిరగడానికి కాస్త సమయం పట్టేది.

పోయిన ఏడాది ఇక మోయలేక వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆయన పనికి పోయాడు. సుబ్బమ్మ అద్దె ఇంటి ముందు కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తోంది. గోడకు, నేను ఆయన దగ్గర వదిలి వచ్చిన ఆ వ్యాసం పేజీ ప్లాస్టిక్ వేయించి తగిలించి ఉంది. నేను నేల మీద కూర్చొని అంతా చెప్పాను. పిల్లలు పాకే వారం సంగతి, డిప్పల సంగతి, కుండీల సంగతి కూడా. ఆమె చేతులు ఆగలేదు. నేను ముగించాక కూడా చాలాసేపు తొడిమలు తీస్తూనే ఉంది.

"ఆయప్పకు చెప్పాకు," అంది చివరికి. "ఆ పేరు చూసుకొని ఇంత ముద్ద తింటాండాడు. అది గూడా తీసేయాకు."

"సరేక్కా."

"నాకెందుకు జెప్తివి?"

నేను గోడ మీది పేజీ వైపు చూశాను.

"ఇంక ఆయప్ప ఆ కాయితం ముందర నిలబడినప్పుడల్లా నేను నోరు మూసుకోని చూడల్ల. నీ బరువు తెచ్చి నా నెత్తిన బెట్టి పోతాండావ్."

లేచి లోపలికి పోయింది. నేను అక్కడ ఇంకాసేపు కూర్చున్నాను. ఆమె మళ్లీ బయటికి రాలేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగి ఉంటే అది మూడో తప్పయ్యేది.

ఆయనకు చెప్పే హక్కు ఇక నాకు లేదు. సుబ్బమ్మకు ఇచ్చిన మాట అది. అందుకే పేర్లు మార్చి, పురుగు పేరు దాచి, ఎవరో తెలియని మీకు చెబుతున్నాను. మీరు నన్ను సమాధానపరచనక్కర్లేదు. చుట్టూ తిప్పి తిప్పి ఇంతసేపు చెప్పాను కానీ, అసలు చెప్పాల్సింది చిన్నదే. మందు కొట్టాలా వద్దా అని ఆయన అడిగినప్పుడు, కొట్టాలి అన్నదే సరైన జవాబని నాకు తెలుసు. తెలిసే వద్దన్నాను.

రాశాను. ఇప్పుడు ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.